ముగ్గురి ఇంటి ముందు ఒకే చెత్త బండి

“ఈమేనా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ చియెన్.

కంపెనీ యజమాని ఫాంగ్ ముందుకి వంగాడు. బల్ల అవతల చేతులకు బేడీలతో కూర్చున్న అమ్మాయిని ఎగాదిగా చూశాడు. ఆమె గోళ్ళ సందుల్లో ఇంకా బియ్యప్పిండి తెల్లగా అంటుకుని ఉంది. పొద్దున తూర్పు తీరంలోని హువాలియెన్‌లో, మిఠాయి దుకాణంలో ముద్దలు చేస్తుండగా పట్టుకుని, కొండలు దాటించి తైచుంగ్‌లోని ఈ ఆఫీసుకి తెచ్చారు.

“కళ్ళు ఆ కళ్ళలాగే ఉన్నాయి. మాస్కు వేసుకుంటే చెప్పగలను,” అన్నాడు ఫాంగ్.

చియెన్ జేబులోంచి మాస్కు తీసి ఆ అమ్మాయి ముఖానికి తనే తగిలించాడు.

“ఆఁ, ఈమే,” అన్నది ఫాంగ్ పక్కన నిలబడ్డ షావ్. ఆఫీసు మేనేజరు ఆవిడ. “నాలుగు నెలలు రోజూ చూసిన మనిషిని మర్చిపోతానా? కో మిన్-జువన్. ఉద్యోగంలోకి తీసుకున్నది నేనే.”

“నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు!” అని అరిచింది మిన్-జువన్ మాస్కులోంచి. “ఈ ఆఫీసు పేరే ఇవాళ విన్నాను.”

గోడవార కుర్చీలో కూర్చుని వెన్ లీ-చిన్ ఇదంతా చూస్తోంది. ఒకప్పుడు ఆమె పోలీసు డిపార్ట్‌మెంటులో చియెన్‌కి పై అధికారి. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. ఫాంగ్ ఆమెను పిలిపించింది రెండు రోజుల కిందట. ఇంటర్నెట్ దుకాణాల తరఫున కొనుగోలుదారులకు జవాబులు చెప్పే చిన్న కంపెనీ అతనిది. ఆఫీసులో ఐదుగురు, ఇళ్ళ దగ్గరి నుంచి పనిచేసేవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరైన మిన్-జువన్ కంప్యూటర్లోంచి కొనుగోలుదారుల వివరాలు బయటికి పోయాయి. ఆ వివరాలు పట్టుకుని మోసగాళ్ళు ఒక రిటైర్డ్ మాస్టారికి ఫోను చేసి, ఆయన జీవితమంతా కూడబెట్టింది ఊడ్చేశారు. ఆయన వంతెన మీది నుంచి నదిలోకి దూకాడు. ఆ వారంలోనే మిన్-జువన్ తెర మీద కనిపించడం మానేసింది.

ఫాంగ్‌కి కావలసింది దొంగ. చియెన్‌కి కావలసింది రేపటి పేపర్లో ఫోటో. వెన్‌ని మాత్రం వేరే మాట వెంటాడుతోంది. మిన్-జువన్ కనిపించిన చివరి వీడియో మీటింగు రికార్డులో విన్న మాట.

“అక్కా, మీరింకా ఉన్నారేంటి?” అన్నాడు చియెన్ ఆమె వైపు తిరిగి. “దొంగ దొరికింది. గుర్తింపు కార్డు ఈమెది, ఫోటో ఈమెది, సంతకం ఈమెది. డిపార్ట్‌మెంటు వదిలి ఏడేళ్ళయినా మీకు వాసన పట్టే అలవాటు పోలేదు.”

“ముక్కు డిపార్ట్‌మెంటుది కాదు తమ్ముడూ, నాది. ఇచ్చేసి రావడానికి.” వెన్ కుర్చీ లాక్కుని అమ్మాయి ఎదురుగా వచ్చింది. “రెండు ప్రశ్నలడుగుతాను. రేపటి పేపర్లో నీ ఫోటోని ఎవరూ లాక్కోరులే.”

చియెన్ మొహం ముడుచుకున్నా అడ్డు చెప్పలేదు. కానిస్టేబుల్ ముందు పాత అధికారితో గొడవ పెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

వెన్ ముందుగా ఆ అమ్మాయి మాస్కు తీసేసింది. “నీ కార్డు ఫోటో ఎవరికిచ్చావమ్మా?”

“ఒక ఉద్యోగం ప్రకటనకి, పిన్నీ. ఇంటి దగ్గరే కూర్చుని పని అన్నారు. కార్డు రెండు వైపులా ఫోటో తీసి, కార్డు పట్టుకుని నేనూ ఒక ఫోటో దిగి పంపమన్నారు. పంపాను. ‘మిమ్మల్ని ఎంపిక చేయలేదు’ అని జవాబొచ్చింది. అంతే. మా అమ్మమ్మకి చెబితే, సంతలో చేప కొనడానికి మొప్పలెత్తి చూసేదానివి, నీ కార్డు ఎవడికో ఎలా ఇచ్చావే అని తిట్టింది.”

“అమ్మమ్మ మంచం మీద ఉందా?”

“మంచం మీదా? నిన్న కూడా పక్కింటావిడతో కోడి కోసం పోట్లాడింది!”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. ఫాంగ్ మాత్రం ఉలిక్కిపడి షావ్ వైపు చూశాడు. “మంచాన పడ్డ అమ్మమ్మని చూసుకోవాలి, అందుకే ఆఫీసుకి రాలేదు అన్నారు కదండీ? మాస్కు కూడా అందుకేనని.”

“ఆ పిల్ల చెప్పింది, నేను మీకు చెప్పాను,” అన్నది షావ్. “అబద్ధమాడే పిల్ల అన్నీ అబద్ధాలే ఆడుతుంది.”

వెన్ ఫాంగ్ వైపు తిరిగింది. “ఈ ముగ్గుర్నీ మీరు ఎదురుగా ఎప్పుడైనా చూశారా?”

“తెర మీద చూశాను. అప్పటికే ఆర్డర్లు మీద పడి ఉన్నాయి, మనుషులు లేరు. ఇంటి నుంచి చేసేవాళ్ళైతే కుర్చీ ఖర్చు కూడా ఉండదని…”

“ఇంటర్వ్యూ చేసింది ఎవరు?”

“షావ్ గారు చూసుకున్నారు.”

“ఇంతకు ముందు పనిచేసిన చోటికి ఫోను చేసి అడిగింది?”

“షావ్ గారు చూసుకున్నారు.”

“కంప్యూటర్ ఎక్కడికి పంపారు?”

“మూలమీది దుకాణానికి… అదే, వాళ్ళ వీధిలో ఉండే ఇరవై నాలుగ్గంటల దుకాణానికి. అందరూ పార్సిళ్ళు అక్కడికే తెప్పించుకుంటారు కదా. అదీ షావ్ గారే…” ఫాంగ్ ఆగిపోయాడు. ఒకే జవాబు మూడుసార్లు చెప్పానని అతనికే వినబడింది.

“నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారండీ?” షావ్ గొంతులో నొచ్చుకున్న ధ్వని. “ఈ ఆఫీసులో బల్బు పోయినా నేనే, చెత్త మోసినా నేనే.”

“అది నిజం,” అన్నాడు ఫాంగ్. “మేనేజరై ఉండి రోజూ చెత్త సంచులు ఆవిడే కిందికి మోస్తారు. ఎవర్నీ ముట్టుకోనివ్వరు.”

తలుపు పక్కన రెండు పెద్ద సంచులు మూతులు కట్టి ఉన్నాయి. వాటి పక్కన తిండి మిగుళ్ళ బకెట్టు.

“ఐదుగురికి అంత చెత్తా?” అన్నది వెన్.

“అట్టపెట్టెలు,” అన్నది షావ్.

చియెన్ చేతి గడియారం చూసుకున్నాడు. “అక్కా, మీ రెండు ప్రశ్నలు ఏడయ్యాయి.”

“ఇంకొక్కటి. ఇది అందరికీ.” వెన్ తన సంచిలోంచి చిన్న కంప్యూటర్ తీసి గోడ మీది టీవీకి తగిలించింది. “గత నెల తుఫానొచ్చింది. హువాలియెన్‌కి రేపు సెలవని ముందురోజు సాయంత్రమే జిల్లా ఆఫీసు ప్రకటించింది. మనకి ఇవ్వలేదు. ఇవ్వలేదని మీరందరూ మేయర్ని తిట్టుకునే ఉంటారు.”

“నేనూ తిట్టాను,” అన్నాడు కానిస్టేబుల్.

“నువ్వు ఆ రోజు ఏం చేశావమ్మా?”

“తలుపులకి బల్లలు అడ్డం పెట్టుకుని లోపల కూర్చున్నాం పిన్నీ. కరెంటు పోయింది. మూడో రోజుకి గానీ రాలేదు.”

“తెర మీది మిన్-జువన్ ఆ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా పనిచేసింది. ఒక్క నిమిషం కూడా లైను పోలేదు. సెలవనీ అడగలేదు, గాలనీ అనలేదు. తుఫాను సెలవు వచ్చిన ఊళ్ళో ఉండి ఆ సెలవు సంగతి ఎత్తని మనిషిని నేను ఈ దీవిలో చూడలేదు. ఆమె హువాలియెన్‌లో లేదు. మన వార్తలు కూడా వినని చోట ఉంది.”

చియెన్ భుజాలెగరేశాడు. “అయితే ఈమె ఆ వారం ఇంకో ఊళ్ళో ఉండి చేసింది. ఆ మిఠాయి దుకాణంవాళ్ళు ఈమె చుట్టాలు. చుట్టాలు సాక్ష్యం చెప్పరా ఏంటి?”

“సరే, గొంతు విను.” వెన్ రికార్డు నడిపించింది.

టీవీ మీద నాలుగు గళ్ళు వచ్చాయి. మొదటి దాంట్లో ఈ గదే, ఈ బల్లే, ఫాంగ్, షావ్, ఇంకా ముగ్గురు. తక్కిన మూడింట్లో ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళు, ముఖాలకు మాస్కులతో. హువాలియెన్ నుంచి మిన్-జువన్, పింగ్‌తుంగ్ నుంచి చెంగ్, యీలాన్ నుంచి ల్యూ. మిన్-జువన్ వెనక నీలిపూల తెర వేలాడుతోంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ గడి అంచు ఆకుపచ్చగా వెలుగుతోంది.

“ఏం మిన్-జువన్, తిన్నావా?” అన్నాడు తెర మీది ఫాంగ్. ఎవరైనా ఎవరినైనా పలకరించే మాటే.

“తినలేదండీ,” అన్నదా అమ్మాయి మెల్లగా. “నాలుగు రోజులైంది.”

తెర మీది ఆఫీసులో అందరూ నవ్వారు. “చూశారా, సన్నబడాలని తంటాలు,” అన్నది షావ్ గొంతు. మళ్ళీ నవ్వులు. ఆ అమ్మాయి నవ్వలేదు. కళ్ళు ఒకసారి పక్కకి తిరిగి, మళ్ళీ ముందుకొచ్చాయి.

వెన్ రికార్డు ఆపింది. గదిలో ఎవరూ నవ్వలేదు ఈసారి.

“తిన్నావా అంటే తిన్నాను అంటాం,” అన్నది వెన్. “ఆకలితో ఉన్నా అంటాం. తినలేదు అని చెప్పిందంటే అది జవాబు కాదు తమ్ముడూ, ఫిర్యాదు. ఏడుగురు విన్నారు. ఒక్కరూ తీసుకోలేదు. ఇది జరిగి మూడు రోజులు. ఆ పిల్ల ఇంకా బతికి ఉందో లేదో నాకు తెలియదు.”

ఫాంగ్ రెండు చేతులతో నుదురు పట్టుకున్నాడు. “యాస కొంచెం తేడాగా ఉండేది. తూర్పు తీరంవాళ్ళు అలాగే మాట్లాడతారేమో అనుకున్నాను.”

“మా తీరం యాసా అది?” మిన్-జువన్ అంత భయంలోనూ ఊరుకోలేకపోయింది. “ఆ పిల్ల మాట ఈ దేశపుదే కాదు సార్. మా పక్కన మలేషియా నుంచి వచ్చి చదువుకునే పిల్లలుంటారు. సరిగ్గా అలాగే ఉంది.”

వెన్ మళ్ళీ మీట నొక్కింది. తెర మీద ఫాంగ్ ఆర్డర్ల గురించి చెబుతున్నాడు. అంతలో చెత్త బండి పాట వినబడింది. దేశమంతటా సాయంత్రం వీధుల్లో తిరిగే అదే పాట. ఒక చోట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు తడబడి, అదే ముక్క రెండుసార్లు పలికి, మళ్ళీ సాగింది. ఫాంగ్ చెయ్యెత్తి, “బండి వెళ్ళేదాకా ఆగుదాం,” అని మైకు ఆపేశాడు. గడిలో ఎర్ర గుర్తు పడింది.

పాట మాత్రం ఆగలేదు.

వెన్ ముందుకి వంగింది. “ఈ పాట?”

“మా వీధి బండే. రోజూ ఈ వేళకే వస్తుంది. మాటలు వినబడవని మైకు ఆపేస్తాం.”

“ఆపేశారు. ఎర్ర గుర్తు కనబడుతూనే ఉంది. మరి ఎవరి మైకులోంచి వినబడుతోంది?”

పాట సాగినంత సేపూ మిన్-జువన్ గడి చుట్టూ ఆకుపచ్చ అంచు వెలుగుతూ ఉంది. ఆమె నోరు మెదపడం లేదు.

“హువాలియెన్‌లో చెత్త బండ్లు లేవా అక్కా?” చియెన్ నవ్వాడు. “అదే పాట దేశమంతా.”

“మా వీధికి రాత్రి అన్నాలయ్యాక వస్తుంది బండి,” అన్నది మిన్-జువన్. “ఈ వేళకి ఎప్పుడూ రాదు.”

“నిన్నెవరడిగారు?” చియెన్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. “చాలు. తుఫానులు, పాటలు, తిండి! ఒక మనిషి నదిలో దూకి చచ్చాడక్కా. ఆయన పెళ్ళాం రోజూ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటోంది. ఆమెకి పాట వినిపించమంటారా?” కానిస్టేబుల్‌తో, “తీసుకెళ్ళి కార్లో కూర్చోబెట్టు,” అన్నాడు.

“పిన్నీ!” అన్నది మిన్-జువన్ తలుపు దగ్గర వెనక్కి తిరిగి. కానిస్టేబుల్ భుజం పట్టి బయటికి నడిపించాడు.

చియెన్ కోపంలో అబద్ధం లేదని వెన్‌కి తెలుసు. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నాలుగో అంతస్తు. కింద ఇరుకు వీధి. జనం అప్పుడే సంచులు పట్టుకుని గుమ్మాల ముందు చేరుతున్నారు. వీధి మలుపులోంచి పాట మొదలైంది.

“ఇదుగో, నా పిలుపొచ్చింది,” అన్నది షావ్. రెండు సంచులూ ఒక చేత్తో, బకెట్టు ఇంకో చేత్తో పట్టుకుని భుజంతో తలుపు తోసుకుని వెళ్ళింది. ఎవరూ తల తిప్పలేదు. ఆ పాట వినబడితే ఎవరో ఒకరు సంచులతో లేచి వెళ్ళడం మామూలే.

పసుపు బండి వీధిలోకి తిరిగింది. పాట దగ్గరైంది. ఒక చోట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు తడబడి, అదే ముక్క రెండుసార్లు పలికి, మళ్ళీ సాగింది.

వెన్ కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది.

“చియెన్, ఇలా రా. విను.”

“విన్నాను. మైకు చెడిపోయింది.”

“ఈ బండి మైకు చెడిపోయింది. ఇప్పుడిది విను.” ఆమె గబగబా రికార్డుని వెనక్కి తిప్పింది. టీవీలోంచి పాట. అదే చోట తడబాటు. అదే ముక్క రెండుసార్లు. “పాట దేశమంతా ఒకటే. ఈ తడబాటు మాత్రం ఈ ఒక్క బండిది. మిన్-జువన్ ఇంటి ముందు కూడా ఇదే బండి ఉంది.”

చియెన్ నవ్వు మాయమైంది. టీవీకి దగ్గరగా వెళ్ళాడు. ఉన్నట్టుండి చూపుడువేలు చాచాడు. “అక్కా, ఇది… చెంగ్ గడి కూడా.”

పింగ్‌తుంగ్ చెంగ్ గడి అంచు ఆకుపచ్చగా వెలిగింది. యీలాన్ ల్యూ గడి కూడా. పాట పెరిగితే మూడూ ఒక్కసారే వెలుగుతున్నాయి, తగ్గితే మూడూ ఒక్కసారే ఆరుతున్నాయి. మూడు ఊళ్ళ మనుషులు, ముగ్గురి ఇంటి ముందూ ఒకే చెత్త బండి.

“నాలుగు నెలలుగా రోజూ వింటున్నాం,” అన్నాడు ఫాంగ్. “మా కిటికీలోంచే వస్తోందనుకున్నాం.”

“పైన ఏముంది?” అన్నది వెన్.

“ఏమీ లేదు. డాబా. ఓనరు వేయించిన రేకుల గది ఒకటుంది. పాత ఫైళ్ళు పెట్టుకోవడానికి అద్దెకి తీసుకుని…” అతను పైకప్పు వైపు చూశాడు. చివరికి అన్నాడు, “షావ్ గారు చూసుకుంటారు.”

వెన్ అప్పటికే తలుపు దాటింది.

డాబాకి ఎక్కే మెట్ల మలుపులో రెండు చెత్త సంచులూ, బకెట్టూ నేల మీద వదిలేసి ఉన్నాయి. ఒక సంచి మూతి విడిపోయి భోజనాల అట్టపెట్టెలు బయటికి దొర్లాయి. చియెన్ వాటిని దాటుకుని ముందుకి పరుగెత్తాడు. వెన్ అతని వెనకే ఎక్కింది. డాబా మీద రేకుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళేనికి తాళం వేలాడుతోంది.

లోపల వేడి, చెమట కంపు. గోడవార వరసగా మూడు బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక్కో రకం గుడ్డ తెర. మధ్య బల్ల వెనక నీలిపూల తెర. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ కాలికి సైకిలు గొలుసు ఒకటి చుట్టి, కొస ఊడదీసి ఉంది. రెండు వైపులా ఇద్దరు కుర్రాళ్ళు కంప్యూటర్ల వైపే చూస్తూ మీటలు నొక్కుతున్నారు. అడుగుల చప్పుడు వినగానే ఒకడు తల ఎత్తకుండానే అన్నాడు.

“తిన్నాం మేడమ్. తిన్నాం.”

ఫాంగ్ గుమ్మంలోంచి ఆ మూడు గుడ్డ తెరలనూ ఒక్కొక్కటే చూశాడు.

“బాబూ, ఇటు చూడు. మేం పోలీసులం,” అన్నది వెన్. “మధ్య కుర్చీలో పిల్ల ఏది?”

చెంగ్ అనే పేరుతో నాలుగు నెలలు జవాబులు చెప్పిన కుర్రాడు మెల్లగా తల తిప్పాడు. “మేనేజరు మేడమ్ ఇప్పుడే తీసుకెళ్ళింది. బండి వచ్చినప్పుడు కిందంతా తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరూ ఎవరినీ చూడరు అని… ఆ పిల్ల కొనుగోలుదారుల జాబితాలు మళ్ళీ పంపనంది. ముసలాయన చచ్చిపోయాడని తెలిసి ఏడ్చింది. అందుకే ఆవిడ దానికి అన్నం ఆపేసింది మేడమ్. మా పాస్‌పోర్టులు కూడా ఆవిడ దగ్గరే.”

“ఎక్కడికి తీసుకెళ్తోంది?”

“తెలియదు. ఇంక దీంతో పని లేదు అంది.”

చియెన్ మెట్ల వైపు దూకాడు. వెన్ డాబా అంచుకి వెళ్ళి కిందికి వంగింది. బండి చుట్టూ జనం సంచులు విసురుతున్నారు. పోలీసు కారు గోడవార ఆగి ఉంది. కానిస్టేబుల్ బయట నిలబడి ఎవరో ముసలావిడ చేతిలో సంచి అందుకుంటున్నాడు. ఆ వెనక తెల్లటి కారు దగ్గర షావ్ కనిపించింది. వాన కోటు తొడిగిన ఒక సన్నటి మనిషిని నడుము పట్టుకుని దాదాపు మోస్తూ, వెనక తలుపు తీస్తోంది. దారిలో వాళ్ళని చూసినవాళ్ళు జబ్బు మనిషని పక్కకి తప్పుకుంటున్నారు.

“ఏయ్! ఆపండి!” అని అరిచింది వెన్. పాట ఆ అరుపుని మింగేసింది.

ఆమె వెనక్కి తిరిగింది. “ఆ పిల్ల పేరేంటి? అసలు పేరు?”

కుర్రాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. “మాకు తెలియదు మేడమ్. సొంత పేర్లు పలికితే తిండి ఉండదు. మిన్-జువన్ అనే పిలుస్తాం.”

పాట ఒక చుట్టు పూర్తయి మళ్ళీ మొదలయ్యే లోపు చిన్న ఖాళీ ఉంటుంది. వెన్ ఊపిరి బిగబట్టి ఆ ఖాళీ కోసం ఆగింది. రాగానే గొంతు చించుకుంది.

“మిన్-జువన్!”

కింద ఇద్దరు తల ఎత్తారు.

ఒకరు వాన కోటు టోపీ కిందినుంచి. నాలుగు నెలలు ఆ పేరుతో బతికి, ఇంకో పేరు ఎవరూ అడగని మనిషి. ఇంకొకరు పోలీసు కారు అద్దంలోంచి, ఆ పేరు సొంతదారు. అద్దం అవతల ఆమె ముఖం ఒక్క క్షణం పైకి చూసి, వెన్ చాచిన చేయి ఎటు చూపిస్తోందో అటు తిరిగింది. తెల్లటి కారులోకి తోయబడుతున్న వాన కోటుని చూసింది. టీవీలో తినలేదు అన్న ఆ కళ్ళనే చూసింది.

పాట మళ్ళీ మొదలైంది. అక్కణ్ణుంచి వెన్‌కి ఏ చప్పుడూ వినబడలేదు. షావ్ వెనక తలుపు మూసి ముందు సీట్లోకి ఎక్కడం కనబడింది. పోలీసు కారు తలుపు తెరుచుకోవడం కనబడింది. బేడీలతోనే బయటపడి, కానిస్టేబుల్ చేతికి దొరక్కుండా, జనాన్ని తోసుకుంటూ మిఠాయి దుకాణం పిల్ల పరుగెత్తడం కనబడింది. ఆమె తెల్లటి కారు ముందుకి వెళ్ళి, బియ్యప్పిండి అంటిన రెండు చేతులూ బేడీలతో సహా బానెట్ మీద ఆనించి నిలబడింది.

చియెన్ ఇంకా మెట్ల మీదే ఉన్నాడు.

కింద పాట అలవాటైన చోట తడబడింది. షావ్ కారు ముందుకి కదిలింది.

మిన్-జువన్ కదల్లేదు.